తగ్గించమనే మావగారు

మావగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఎక్కడ ఏది మోగుతున్నా దాని దగ్గరికి వెళ్లి "తగ్గించు" అంటారు. రేడియో అయినా, మిక్సీ అయినా, మైకు పట్టుకున్న పెద్దమనిషి అయినా ఆయనకు ఒకటే. ముప్పై రెండేళ్లు అచ్చు యంత్రాల మధ్య నిలబడి పనిచేసిన మనిషికి చెవుడు రావడం న్యాయం. ఆయనకు మాత్రం ఉన్న చెవులు పదునెక్కాయి. పక్కింట్లో పొయ్యి మీద పాలు పొంగబోతుంటే ఆయనకు ఇక్కడ వినిపించేది. కేక వేయడం ఆయన పద్ధతి కాదు గనుక, లేచి, చెప్పులు తొడుక్కుని, వాళ్ల గుమ్మం దాకా వెళ్లి నెమ్మదిగా చెప్పేవారు. ఈలోగా పాలు పొంగిపోయేవి.

ఈ "తగ్గించు" అనే మాట వల్ల ఆయనకు వచ్చిన చిక్కు ఇంకొకటి ఉంది. ఒకసారి గొడుగులమ్మేవాడు బండికి గొట్టం మైకు కట్టుకుని వీధిలోకి వచ్చాడు. మావగారు ఎదురెళ్లి, "తగ్గించు నాయనా" అన్నారు. వాడు ధర తగ్గించాడు. "అది కాదయ్యా, తగ్గించు" అన్నారు. వాడు ఇంకాస్త తగ్గించాడు. మూడోసారికి వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. చూడలేక మావగారు మూడు గొడుగులు మోసుకుని ఇంటికొచ్చారు. అది ఎండాకాలం.

ఇలాంటి మనిషిని తోడు తీసుకుని ఆంప్లిఫయర్ కొనడానికి వెళ్లడమంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమేనని అల్లుడికి తెలియకపోలేదు. కానీ వేరే దారి లేదు. అల్లుడు బడిలో డ్రాయింగు మాస్టారు. మూతపడ్డ రికార్డింగు గదిలోంచి రెండు నిలువెత్తు స్పీకర్లు కొని తెచ్చి హాల్లో చెరో మూలా నిలబెట్టారు. అందమైన చెక్క, లోతైన గొంతు, రాక్షసాకలి. మామూలు స్పీకరు అడిగే కరెంటుకు ఇవి రెండింతలు అడుగుతాయి. ఇంట్లో ఉన్న ఆంప్లిఫయర్ చూస్తే చిలకంత. ఏనుగుల్ని తెచ్చి కట్టేసి, చిలక పెట్టే జామపండుతో బతకమన్నట్టుంది వ్యవహారం.

సౌండు తక్కువ పెడితే మాటలు ముద్దగా వినిపించేవి. మాటలు తెలియాలని పెంచితే, ఓడ సినిమాలో తుఫాను వచ్చిందో లేదో, ఆంప్లిఫయర్ 'టప్' మని ఆరిపోయేది. ఓడ మునుగుతోందా లేదా అన్నది మాస్టారికి నెల రోజులుగా తేలలేదు.

మాస్టారి భార్య ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. నోరెత్తి గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అటువంటిది మొన్న టిఫిన్ డబ్బా సర్దుకుంటూ అనేసింది.

"ఏవండీ, ఈ ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇవి సరిగా పలక్కపోతే ఎవరికన్నా అమ్మేయండి. కొనేవాళ్లని నేనే చూస్తాను."

మాస్టారు జీవితంలో తన కోసం తాను కొనుక్కున్న పెద్ద వస్తువు అదొక్కటే.

ఆదివారం పొద్దున్నే మావగారు ఊడిపడ్డారు. "పదండి అల్లుడుగారూ. ఒక స్పీకరు కూడా పట్టుకుపోదాం."

"స్పీకరెందుకు మావయ్యగారూ? నలభై కిలోలుంటుంది."

"కాపురం చేయాల్సింది అది కదా. దానికి చూపించకుండా సంబంధం ఖాయం చేస్తామా?"

ఆటో ట్రాలీలో స్పీకరును పడుకోబెట్టి, దానికి అటొకరూ ఇటొకరూ కూర్చుని, రోగిని తీసుకెళ్తున్నట్టు బయల్దేరారు. దారిలో మావగారు ట్రాలీవాడి చేత పాటలు రెండుసార్లు తగ్గింపించారు. రెండోసారి వాడు కిరాయి కూడా తగ్గించాడు.

కొట్టు యజమాని బొద్దుగా, ఉత్సాహంగా ఉన్నాడు. నీలం దీపాలు మెరిసే ఆంప్లిఫయర్‌కు స్పీకరు తగిలించి, మాస్టారు తెచ్చిన ఓడ సినిమా పెట్టి, సౌండు చక్రాన్ని చివరికంటా తిప్పాడు. అద్దాలు గజగజలాడాయి. మాస్టారి ఒళ్లు పులకరించింది.

"ఎలా ఉంది సార్?" అని అరిచాడు యజమాని.

"తగ్గించు" అన్నారు మావగారు.

"పెద్దాయన, పైగా మొదటి బేరం. ఐదు శాతం తగ్గిస్తాను సార్!"

"ఇంకా తగ్గించు."

"ఎనిమిది!"

"ఇంకా."

"పది సార్! మా బావమరిదికి కూడా ఇంత తగ్గించలేదు!"

"ధర కాదయ్యా. గొంతు."

యజమాని ఒక్క క్షణం నొచ్చుకున్నాడు. తర్వాత వంగి, రహస్యంలా, "పది శాతం సార్" అన్నాడు.

"నీది కాదు నాయనా, దానిది!"

ఈలోగా ఓడను తుఫాను తాకింది. నీలం దీపాలు 'టప్' మని ఆరిపోయాయి. "మన ఇంట్లోదాని అన్నగారిలా ఉంది" అన్నారు మావగారు.

రెండోది తుఫానుకు తట్టుకుంది. మాస్టారు చేతులు నలుపుకుంటూ, "ఇది చాలు మావయ్యగారూ" అన్నారు. మావగారు చక్రాన్ని దాదాపు మొదటికి తిప్పి, కుర్చీ లాక్కుని, కళ్లు మూసుకున్నారు. ఓడ కెప్టెన్‌తో ముసలి తల్లి ఏదో చెబుతోంది. కొడుక్కి చెబుతోందో పప్పు రుబ్బుతోందో తెలియలేదు.

"ఉహూఁ. ఇది అరవగలదు. మాట్లాడలేదు."

"సినిమా అంటే గట్టిగానే కదా సార్ వినాలి?" అన్నాడు యజమాని.

"అరవడానికేముంది, గాడిద కూడా అరుస్తుంది. గుసగుసలాడమను చూద్దాం."

మూడోది పెట్టారు. తక్కువలో మాటలు తెలిశాయి గానీ సముద్రం మాయమైంది. ఓడ నేల మీద నిలబెట్టినట్టుంది. మావగారు తల అడ్డంగా ఊపారు. యజమాని చెమట తుడుచుకున్నాడు. వచ్చిన కొనుగోలుదారులు ఇద్దరు కూడా తమ బేరం మానేసి, ఈ పెద్దాయన దేనికి లొంగుతాడో చూద్దామని స్టూళ్లు లాక్కున్నారు.

"అదేమిటి?" అని వేలు చూపించారు మావగారు.

కొట్టు వెనక గదిలో ఫ్యాను కింద ఎత్తు కోసం పెట్టిన నల్లటి ఇనప దిమ్మ. ముందు రెండు చక్రాలు, పక్కల దువ్వెన పళ్లలాంటి ఇనప రేకులు. "అదీ ఆంప్లిఫయరే సార్. పాత మోడలు. రిమోట్ లేదు, దీపాల్లేవు, అందం అసలే లేదు. ఎవరూ అడగరు."

"తే."

తేవడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. సినిమా మళ్లీ పెట్టారు. మావగారు చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పారు. కొట్టంతా ఊపిరి బిగపట్టింది.

ముసలమ్మ మాట్లాడింది. మాట కంటే ముందు ఆవిడ తీసుకున్న ఊపిరి వినిపించింది. వెనక ఎక్కడో నీళ్లు ఓడ పొట్టను తడుతున్నాయి. సౌండు చిన్నదే గాని సముద్రం చిన్నది కాలేదు. తర్వాత తుఫాను వచ్చింది, వెళ్లింది. దిమ్మ చలించలేదు.

"బాగుందయ్యా" అన్నారు మావగారు కళ్లు తెరిచి. "సత్తువ లేనివాడే అరిచి నెగ్గుకొస్తాడు. ఉన్నవాడు మెల్లగా చెప్పినా పని జరుగుతుంది. ఈ స్పీకర్లు మొండిఘటాలు. గట్టి చెయ్యి పట్టుకుంటేనే మెల్లగా నడుస్తాయి."

స్టూళ్ల మీదివాళ్లు చప్పట్లు కొట్టబోయి, ఆయన ముఖం చూసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

దిమ్మను ట్రాలీకెక్కించి ఇంటికి బయల్దేరారు. మాస్టారికి కావలసింది నేల అదిరే తుఫాను. మావగారు కొనిపెట్టింది గుసగుస. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చక, పెద్దవాళ్లకు ఎదురు చెప్పలేక లడ్డూ తింటున్న పెళ్లికొడుకులా ట్రాలీలో కూర్చున్నారు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. భార్య పడకగదిలో నిద్రపోతోంది. మావగారు తీగలు బిగించి, సినిమా పెట్టి, సౌండు కొద్దిగానే ఉంచారు. మాస్టారు ఆగలేక చక్రం మీద చెయ్యి వేశారు. మావగారు ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఒక్కసారి అమ్మాయి గదిలోకి వెళ్లి రండి."

మాస్టారు వెళ్లి తలుపు మెల్లగా తీశారు. ఆ గదిలోకి సముద్రం రాలేదు. ఫ్యాను తిరుగుతోంది. భార్య నోరు కొంచెం తెరుచుకుని, ఒళ్లెరగకుండా పడుకుంది. తలగడ పక్కన ఆసుపత్రి దూది ఉండలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. రెండు ఉండలు బయట ఉన్నాయి, చెవి ఆకారంలో నలిగి.

హాల్లోకి వచ్చిన మాస్టారి మొహం కడిగిన పలకలా ఉంది. "ఈ దూది... ఎప్పట్నించి మావయ్యగారూ?"

"మీ ఏనుగులొచ్చినప్పట్నించి. పోయిన వారం నా కళ్లబడింది. అడిగితే, 'ఆయనకి చెప్పకు నాన్నా, ఉన్న సరదా అదొక్కటే' అంది."

"మరి అమ్మేయమని గడువెందుకు పెట్టింది?"

"నెల్రోజులు నిద్ర లేకపోతే మీరైనా పెడతారు."

"నాకొక్క మాట చెప్పి ఉంటే ఈపాటికి అమ్మేసేవాణ్ణి కదండీ!"

"అందుకే చెప్పలేదు. అమ్మేసి, ఆ తర్వాత జీవితాంతం ఆ ఖాళీ మూలలు చూస్తూ కూర్చుంటారు. ఆవిడేమో మిమ్మల్ని చూస్తూ కూర్చుంటుంది. కొంపలో చప్పుడన్నదే ఉండదు." మావగారు సోఫాలో వెనక్కి వాలారు. "అంత తగ్గించడం నాకూ ఇష్టముండదు అల్లుడుగారూ."

ఇద్దరూ కూర్చుని సినిమా మొదటినుంచీ చూశారు. దగ్గరగా కూర్చుంటే, ఆ కొద్ది సౌండులోనే పాదాల కింద నేల సన్నగా వణకడం మాస్టారికి తెలిసింది. ఓడ మునగలేదని కూడా తెలిసింది. ఆనందం పట్టలేక మళ్లీ పెట్టారు.

సాయంత్రం ఆరింటికి భార్య చెంప మీద తలగడ ముడతలతో హాల్లోకి వచ్చింది. ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయిన మొహం. వచ్చీరాగానే, "ఏం నాన్నా, చప్పుడే లేదు, దొరకలేదా ఆంప్లిఫయరు? సరేలే, ఆ కొనే మనిషికి ఫోన్ చేస్తాను" అంది.

మాస్టారు నోరు తెరిచారు. మావగారు మాట్లాడవద్దని సైగ చేశారు.

తెర మీద ముసలమ్మ కప్పు అందిస్తూ మెల్లగా అంది, "అలా నిలబడిపోయావేం? కూర్చో, టీ చల్లారిపోతోంది."

"కూర్చుంటాలే గానీ, ఏదీ టీ?" అంటూ భార్య బల్ల కేసి చూసింది.

ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో ఆవిడకు తట్టేలోపు మాస్టారు వంటింట్లోకి పరుగెత్తి పొయ్యి వెలిగించారు.