పల్లిచేలో అత్త గొంతు

ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నేను తాగను. ఆ రాత్రి జ్వరమూ లేదు. పైగా మైకులు, స్పీకర్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. చప్పుడు ఎటునుంచి వస్తుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మాది ఉప్పునుంతల. శ్రీశైలం పోయే కార్లు పెద్దరోడ్డు మీదే పోతాయి, మా వైపు తిరగవు. తిరగకపోతేనేం! చిన్న బజారు, చాయ్ హోటళ్లు, మబ్బు లేని రోజున దూరంగా నల్లమల గుట్టలు. షాపు ముందు కుర్చీ వేసుకుని వాటిని చూస్తూ చాయ్ తాగుతుంటే నాకు ఇంకే ఊరూ గుర్తురాదు. కాకపోతే అడవిపందుల బెడద. అందుకే రైతులు తమ అరుపులు నా దగ్గర రికార్డు చేయించుకుని, చిన్న మైకు పెట్టెలో రాత్రంతా చేలో మోగిస్తారు.

మా అత్త బాలమ్మది అందరికంటే పెద్ద గొంతు. "హోయ్... హోయ్... పో!" పల్లి విత్తిన వారమే రికార్డు చేశాను. నెల తిరగకుండా ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చేయీ కుదుటపడ్డాయి గానీ మాట రాలేదు. రోజూ చేను వైపు చేయి చూపి, ఎలా ఉందని కళ్లతోనే అడిగేది. ఆ రెండెకరాల పల్లి ఇల్లు చేరితే చాలు ఆమెకు.

తెల్లారితే కూలీలు పీకడానికి వస్తారు. ఆ ఒక్క రాత్రి కాపలాకు నేను పోయాను. పందుల గుంపు పడిందంటే చేనంతా ఖాళీ.

చలి... మంచు... మంచె మీద పడుకున్నాను. మైకులో అత్త అరుపులు వింటూనే నిద్రపోయాను.

ఎప్పుడో మెలకువ వచ్చింది. మైకు ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది. పెట్టె ఒళ్లో పెట్టుకుని వైర్లు ఊడదీశాను.

అప్పుడు... కింది గట్టు వైపు నుంచి...

"హోయ్... హోయ్..."

వైర్లు నా చేతిలోనే ఉన్నాయి. పక్క చేలో మైకేమో అనుకున్నాను. కానీ పక్క చేను బీడు. మళ్లీ వినబడింది... ఈసారి దగ్గరగా.

"ఓ అల్లుడా! లే! కిందికెల్లి వస్తున్నయ్!"

ఆ మాట నేను రికార్డు చేయలేదు.

టార్చి వేశాను. గట్టు అవతల నల్లటి వీపులు... ఒకటి... రెండు... పది దాకా. అన్నీ వెనక్కి తిరిగి వాగు వైపు పరుగు. తరువాత ఏమీ లేదు. నా పళ్ల చప్పుడు తప్ప.

తెల్లారి చూస్తే గట్టు దాకా పందుల అడుగులు. మనిషి అడుగు ఒక్కటీ లేదు. ఒక్క మొక్క కూడా చెదరలేదు.

ఇంటికి పోతే గడపలోనే మా ఆవిడ మంజుల ఎదురైంది.

"జర దవాఖానకు పోదాం పా. అమ్మకు గొంతు నొప్పంట, సైగ చేస్తున్నది. నీళ్లు గూడ మింగుతలేదు."

"రాత్రి బయటికి పోయిందా?"

"ఏడికి పోతది? తెల్లారెదాక నా పక్కనే పన్నది. ఏంది, గట్ల చూస్తున్నవ్?"

డాక్టరు గొంతులోకి లైటు వేసి చూశాడు. "బాగా అరిచినట్టుంది" అన్నాడు.

"మాటే రాదు సారూ" అంది మంజుల.

ఆ రోజు పల్లి మొత్తం పీకించాం. సాయంత్రం వాకిట్లో కుప్ప పక్కన అత్త కాయలు ఒలుస్తోంది. ఆ ముఖం చూస్తే నాకే కడుపు నిండిపోయింది. వంగి మెల్లగా అడిగాను.

"అత్తా... రాత్రి నన్ను లేపింది నువ్వేనా?"

అత్త మంజుల ఎక్కడుందో ఒకసారి చూసింది. ఒలిచిన గింజలు నా చేతిలో పోసి, పిడికిలి మూసి, నవ్వింది.

అవునన్నదో, తినమన్నదో... ఇప్పటికీ నాకు తెలియదు.