నల్లబడిన తెర

ఇండోనేషియాలోని సురబయ ఓడరేవు దగ్గరి సరుకు రవాణా ఆఫీసులో అందరూ మర్యాదగా ‘బు’ చేర్చి బు లస్త్రి అని పిలిచే ఆవిడకు ఎవరిమీదా నమ్మకం లేదు. మధ్యాహ్నం సోయా గింజల టెంపే వేపుడు తినేటప్పుడు కూడా డబ్బాకు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆఫీసు మెసేజి ఏదొచ్చినా రెండుసార్లు చదివి, తలెత్తి పంపినవాళ్ళ మొహం చూస్తుంది. పోయిన నెల ఇద్దర్ని ఉద్యోగంలోంచి తీసేసినప్పుడు, ముందుగా ఆగిపోయింది వాళ్ళ కంప్యూటర్లో ఆఫీసు మెసేజీలే. అందుకే ఆ సోమవారం టీకి వేడినీళ్ళు పట్టుకుని వచ్చేసరికి, తెల్లగా ఉండాల్సిన తన మెసేజీల తెర నల్లగా కనిపించగానే, తననీ తీసేశారనుకుంది. బల్ల మీది కూతురి ఫోటో తీసి సంచిలో పెట్టుకుంది.

“ఎక్కడికి బు లస్త్రీ, అప్పుడే?” అన్నాడు పక్క సీటు దిమాస్.

“నటించకు. నన్ను తీసేశారని నీకు ముందే తెలుసు!”

“అయ్యో, తీసెయ్యడమేంటండీ! మీరు నీళ్ళకెళ్ళినప్పుడు తెర రంగు మార్చింది నేనే. ఆ తెల్ల వెలుగుకి పొద్దస్తమానం కళ్ళు నులుముకుంటున్నారని.”

ఆవిడ కుర్చీలో కూలబడింది. నల్లటి తెర మీద అక్షరాలు నిజంగానే కళ్ళకు హాయిగా ఉన్నాయి. ఫోటో మళ్ళీ బల్ల మీద పెట్టి, అతనివైపు తిరిగింది.

“సరేగానీ, ఎన్నాళ్ళుగా చూస్తున్నావు నన్ను?”