రెండు నీళ్ళ బాటిళ్ళు

మా ఆయన పోయాక, స్మృతి నగర్‌లో మా ఇంట్లో తెలుగు నా ఒక్కదాని నోట్లోనే మిగిలింది. పిల్లలకు హిందీ, మనవలకు హిందీ, వీధిలో అందరూ భయ్యాలు, దీదీలే. అందుకే తెల్లారగానే స్కూటీ మీద శివనాథ్ నది ఒడ్డున ఉన్న నడకదారికి పరిగెత్తేదాన్ని. సెక్టర్ 7 నుంచి వదిన వచ్చేది. వదినంటే చుట్టరికమేం లేదు. మా ఆయనతో ఉక్కు ప్లాంటులో ఒకే షిఫ్టు చేసినాయన భార్య. ఇద్దరిదీ విజయనగరం వైపే.

మా షరతు ఒక్కటే. దారి మొదట్నుంచి చివరి బెంచీ దాకా హిందీ ముక్క రాకూడదు. ఎవరి నోరు జారితే వాళ్ళు ఇద్దరి నీళ్ళ బాటిళ్ళూ మోయాలి. ఓడేది ఎప్పుడూ తనే. "అరే, దేఖో!" అని నీటికాకిని చూపించి, వెంటనే నాలిక్కరుచుకునేది. "సర్లే, ఇలగియ్యి" అంటూ నా బాటిల్ లాక్కునేది.

పోయినేడు వాళ్ళాయన రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి విజయనగరం వెళ్ళిపోయారు. వెళ్ళే ముందురోజు తన బాటిల్ నా చేతిలో పెట్టి, "ఉంచొదినా, మల్లా వొచ్చినప్పుడు మొయ్యాల గదా" అంది. ఏడుపు ముంచుకొచ్చింది. "మహా మోశావులే, పో!" అని కసిరాను.

అప్పట్నుంచి ఒక్కదాన్నే నడుస్తున్నాను. దారి పొడుగునా కానుగ పూలు ఎప్పట్లాగే రాలుతున్నాయి, మాట్లాడే మనిషే లేదు. అసూయ కూడా పడ్డాను. దానికేం, చుట్టూ తెలుగే, కడుపునిండా మాట్లాడుకుంటుంది! నోరు కట్టేసుకుని చస్తున్నది నేను.

మొన్న నడక మొదలెట్టానో లేదో తన ఫోను. "ఏటొదినా!" అన్నాను సంబరంగా. అటునుంచి ముక్కు చీదిన చప్పుడు.

"తెలుగొద్దొదినా. రెండు ముక్కలు హిందీలో మాటాడు. ఇక్కడ నాతోటి హిందీ మాటాడేవోలు ఎవులూ లేరు. అన్నేళ్ళు బతికిన ఊరొదినా అది."

ఒళ్ళు మండిపోయింది. ఇన్ని నెలలుగా నేను మొహం వాచిపోయింది ఆ తెలుగుకే కదా! కానీ ఆ ఏడుపు గొంతు విన్నాక కోపం ఎంతసేపు నిలుస్తుంది? "బోలో దీదీ" అన్నాను. నదిలో నీళ్ళు ఎంతున్నాయో, కానుగలు ఎలా పూశాయో, చివరి బెంచీ దాకా హిందీలోనే చెప్పాను. తను నవ్వేదాకా చెప్పాను.

మర్నాడు తన బాటిల్‌లో కూడా నీళ్ళు నింపాను. బెంచీ దాకా రెండూ నేనే మోశాను. హిందీ మాట్లాడింది నేనే కదా.