గీకేసిన ముఖం

తెనాలిలో రైలెక్కినప్పటి నుంచీ ఎదుటి సీట్లో పెద్దాయన ఒక పాత గ్రామఫోను రికార్డును ఒళ్ళో గట్టిగా అదిమి పట్టుకుని కూర్చున్నారు. అట్ట మీద నలుగురు తెల్ల కుర్రాళ్లు.

“ఎవరండీ వీళ్లు?” అన్నాను.

“ఇంగ్లండు బ్యాండండి. అరవైల్లో ఒక్క పాటతో పేరొచ్చింది. రెండేళ్లకే కొట్టుకుని విడిపోయారు.”

ఖాళీ చేపలబుట్టతో పక్కన కూర్చున్నావిడ, “పెళ్లిళ్లకి వాయిస్తారా బాబాయ్?” అంది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“మేమూ నలుగురమేనమ్మా. బాపట్ల చర్చి హాల్లో వాయించేవాళ్లం. మేమూ అలాగే విడిపోయాం. మా డ్రమ్ములవాడు ఇప్పుడు రేపల్లెలో మంచాన పడ్డాడు. ఈ రికార్డు వాడిదే, ఇచ్చేద్దామని వెళ్తున్నా.”

అప్పుడు చూశాను. అట్ట మీద డ్రమ్ముకర్రలు పట్టుకున్న కుర్రాడి ముఖం బ్లేడుతో గీకేసి ఉంది.

“విడిపోయిన రోజు గీకింది నేనేనండి,” అన్నారు, నేనడక్కుండానే, ఆ ముఖాన్ని బొటనవేలితో కప్పేస్తూ.

రేపల్లెలో దిగిపోయారు. బొటనవేలు మాత్రం ఆ ముఖం మీంచి తీయలేదు.