వీసా అని రాసిన దరఖాస్తు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. ఉండనీ. ఈ రెండేళ్లలో ఆ కోపం కూడా లేకపోతే ఏడుస్తూ మంచం పట్టేదాన్ని.

మా తమ్ముడు షట్టరింగ్ పనికని గల్ఫ్ వెళ్లాడు. ఇంట్లో చర్చికి పోయేది వాడొక్కడే. అమ్మకు ఎల్లమ్మ, నాకు నా కుట్టుమిషను, వాడికి బైబిలు. "ఏం పాస్టరుగారూ" అని నేను ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. అక్కడ శుక్రవారం సెలవు. ఆ పొద్దున క్యాంపు గదిలో నలుగురైదుగురు తలుపు వేసుకుని మెల్లగా పాటలు పాడుకునేవారట. ఎవరో చెప్పారు, పోలీసులు వచ్చారు. అనుమతి లేకుండా ప్రార్థనలు జరిపారని కేసు. జడ్జి అడిగితే, అందరినీ పిలిచింది నేనేనని మావాడు ఒప్పుకున్నాడు. మిగతావాళ్లను ఇండియాకు పంపేసి వాడిని జైల్లో వేశారు. అలా తిరిగొచ్చినవాళ్లలో ఒకతను, దుబ్బాక అతను, ఇదంతా మాకు చెప్పాడు. పాట పాడితే జైలు! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

విడిపించడానికి తిరగని చోటు లేదు. హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో పెద్దమనిషి మా కాగితం చదివి, వాడు పోయింది పనికా, ప్రార్థనకా అని అడిగాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. కాగితం తీసుకుని బయటికి వచ్చేశాను. నోరున్న దాన్నని పేరు మాత్రం నాకే.

ఆ తర్వాత సిద్దిపేటలో ఒక నాయకుడి దగ్గరికి పోయాను. ఆయన దొరకలేదు, ఆయన పనులు చూసే అతను దొరికాడు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. కాగితం చదివి తల అడ్డంగా ఊపాడు.

"అక్కా, గా ప్రార్థన ముచ్చట రాయకు. మతం కేసంటే ఢిల్లీల ఎవ్వడు ముట్టుకోడు. వీసా అయిపోయి దొరికిండని రాయి. రంజాన్ పండుగకు, బక్రీద్‌కు ఆ దేశపోళ్లు గసుంటోళ్లను ఇడిచిపెడ్తరు."

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే కూర్చుని నా చేత్తో కొత్త దరఖాస్తు రాశాను. ప్రార్థన అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. ఇంటికి తెచ్చి అమ్మతో వేలిముద్ర వేయించాను. ఏం రాశానో ఆమెకు చదివి చెప్పలేదు.

ఒక పండుగ పోయింది, ఇంకో పండుగ పోయింది. వారానికోసారి నా కుట్టు షాపు మూసి సిద్దిపేట వెళ్లి అతన్ని అడిగేదాన్ని. ఫైలు పైకి పోయింది అన్న ఒక్క మాటే చెప్పేవాడు.

ఒకరోజు టీవీలో వార్త. మన మంత్రి ఆ దేశం పోయి మాట్లాడాడట. మతం పేరుతో జైల్లో పడ్డ మనవాళ్లను కొందరిని వదిలిపెట్టారట. ఎవ్వడూ ముట్టుకోడని అతను చెప్పిన కేసులే! విమానం దిగి వస్తున్నవాళ్లను చూపిస్తుంటే టీవీ ముందు నిలబడి ఒక్కొక్క ముఖం వెతికాను. మావాడు లేడు.

నాలుగు రోజులకు జైలు నుంచి వాడి ఫోన్ వచ్చింది. వాళ్లు మాట్లాడనిచ్చేది రెండు మూడు నిమిషాలే. మన ఎంబసీ ఆయన జాబితా పట్టుకుని జైలుకు వచ్చాడట. వీడి పక్క మంచం మనిషి కూడా ఆ జాబితాలో ఉండి వెళ్లిపోయాడట. నా పేరేదని వీడు అడిగితే, నీ పేరున వచ్చిన దరఖాస్తు వీసా కేసుల్లో ఉంది, నీకు వీసా తప్పేమీ లేదని దాన్ని అప్పుడే మూసేశారని చెప్పాడట.

"అక్కా, ప్రార్థన చేసిన్నని జడ్జి ముంగటనే ఒప్పుకున్న. నువ్వు వీసా అని ఎందుకు రాసినవ్?"

అంతలోనే టైం అయిపోయి ఫోన్ కట్టయింది.

ఆ రోజంతా అందరినీ తిట్టాను. పాట పాడితే జైల్లో పెట్టిన దేశాన్ని, నవ్విన పెద్దమనిషిని, చాయ్ పోసి అబద్ధం నేర్పినవాడిని. ఎంత తిట్టినా ఆ కాగితం మీద అక్షరాలు నావే. పరాయి దేశపు జడ్జి ముందు వాడు దాచని మాటను, సిద్దిపేటలో ఫ్యాన్ కింద కూర్చుని నేను దాచాను.

మళ్లీ రాశాను. శుక్రవారం, గది, పాటలు, అన్నీ. ఈసారి కింద నా సంతకమే పెట్టాను. నాయకుడి దగ్గరి అతను అది తీసుకుని, ఈ మాటు జాబితా అయిపోయింది, మంత్రి మళ్లీ ఎప్పుడు పోతాడో తెలియదన్నాడు. అతని ముఖంలో తప్పు చేశానన్న ఛాయ కూడా లేదు. చెడామడా కడిగేసి వచ్చాను. దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఇంటికొచ్చి మొదటి కాగితంలో ఏం రాశానో అమ్మకు చెప్పాను. అరుస్తుందనుకున్నాను. వేలిముద్ర వేసిన తన బొటనవేలు చూసుకుంది.

"వాడు దొంగతనం జేసిండా బిడ్డా, నువ్వు దాసనీకి?"