అంచు ఒక్కసారే కలిపిన లెక్క

ఒక టిక్కు గుర్తు రెండు ఇనప రేకులను, ఒక మేనల్లుడి పరువును, ఒక రిటైర్డు ఉద్యోగి ప్రతిష్ఠను కలిపి ఎలా ముంచిందో చెబుతాను. నవ్వదలచుకున్నవారు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. నేను మాత్రం ఇంకా కోలుకోలేదు.

ముప్పై నాలుగేళ్ళు కాలువల డ్రాయింగులు గీసి రిటైరయ్యాను. రోజూ డైరీ రాస్తాను. చేయవలసిన పని రాసుకోవడం, చేశాక పక్కన టిక్కు పెట్టడం, టిక్కు పడిన పని జోలికి మళ్ళీ పోకపోవడం నా పద్ధతి. ఆ పద్ధతి తలుచుకుని నామీద నాకే గౌరవం పొంగుతున్న రోజుల్లో మా మేనల్లుడు యాదగిరి మా ఊరు సూర్యాపేటలోనే వెల్డింగ్ షెడ్డు పెట్టాడు.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు ఆవిరి ట్యాంకు చేసే పని వాడికి దొరికింది. అదే వాడి మొదటి పెద్ద పని. కొత్త వడ్లు వచ్చేలోగా ట్యాంకు నిలబెట్టకపోతే పని ఇంకొకరికి పోతుంది. ట్యాంకు రెండు కొసలకూ బోర్లించిన మూకుడులాంటి మూతలు కావాలి. చదును రేకును గుండ్రటి బిళ్ళగా కోసి, కోదాడలో ప్రెస్సు కింద పెట్టి వంచుతారు. బిళ్ళ ఎంత వెడల్పు కోయాలో ముందే లెక్క కట్టాలి.

"లెక్క నేను సూస్కుంట అల్లుడా. నువ్వు వెల్డింగ్ సూస్కో" అన్నాను. ఈ మాట కూడా డైరీలో ఉంది. చింపేద్దామంటే చేతులు రావడం లేదు.

లెక్క చిన్నదే. ట్యాంకు వెడల్పు వెయ్యి మిల్లీమీటర్లు. వంపు కోసం ఐదో వంతు ఎక్కువ వేస్తే పన్నెండు వందలు. వంపు అయిపోయాక నిటారుగా నిలిచే అంచు నలభై. అది కలిపి, టిక్కు పెట్టి, పన్నెండు వందల నలభై అని రాసి కింద గీత గీశాను. రెండోసారి సరిచూస్తుంటే అంచు దగ్గర మనసు ఆగింది. ఇంకా ఏదో కలపాలనిపించింది. పక్కన చూస్తే టిక్కు ఉంది. కలిపినదాన్నే మళ్ళీ కలిపేంత క్రమశిక్షణ లేని మనిషినా నేను? మూడోసారి కూడా చూసి సంతకం పెట్టాను.

బిళ్ళలు కోసే ముందు, కోదాడలో ప్రెస్సు నడిపే సుబ్బారావు ఫోన్ చేశాడు.

"ఏవండీ, ఈ కొలత కాస్త తక్కువున్నట్టుందండీ. ఒకసారి చూస్తారా?"

"మూడుసార్లు సూసిన."

"నాలుగోసారి చూస్తే పోయేదేముందండీ?"

ఎదుటివాడు మళ్ళీ అడగకుండా చేసే ఆఫీసు గొంతు ఒకటి నా దగ్గర ఉండేది. ఆ గొంతుతో, రాసింది కోయమన్నాను. కోశాడు. వంచాడు.

నాలుగో రోజు నేనూ యాదగిరీ కోదాడ వెళ్ళాం. వాడు టేపు పెట్టి అంచు కొలిచాడు. నలభై ఉండాల్సిన చోట ఇరవై. అవతలి పక్కా ఇరవై. ఎగుడుదిగుడులు సాపు చేస్తే పది మిగిలితే గొప్ప. అంచు చాలకపోతే అతుకు వంపు మీద పడుతుంది. ఆవిరి పట్టే ట్యాంకుకు అది పనికిరాదు. నేను వెంటనే టేపును అనుమానించి ఇంకో టేపు తెప్పించాను. దానికీ నామీద జాలి లేదు.

సుబ్బారావు నా రుమాలు అడిగి తీసుకుని, తాగేసిన టీ గ్లాసు మీద పరిచాడు.

"ఇటెంత వేలాడుతుందో అటూ అంతే వేలాడుతుంది చూడండి. అంచు రెండు పక్కలా కలపాలండీ. ఇటు నలభై, అటు నలభై."

వీలుంటే ఆ గ్లాసు అడుగున మిగిలిన టీలో దూకేవాణ్ణి. యాదగిరి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మామా, ముప్పై నాలుగేండ్లు కాలువలు గీసినవ్. కాలువకు రెండు గట్లుంటయని ఎన్నడన్న మర్సినవా?"

తిట్టినా బాగుండేది. మిర్యాలగూడ దాకా బస్సులో వాడు కిటికీలోంచి బయటికి, నేను డైరీలోకి చూస్తూ కూర్చున్నాం. టిక్కు మాత్రం చెక్కుచెదరలేదు.

మిల్లు సేటుకు యాదగిరి జరిగింది దాచకుండా చెప్పి, వారం గడువు ఇమ్మని బతిమాలాడు. వాడికి అండగా నేను, "ఈసారి లెక్క నేనే నాలుగుసార్లు..." అని మొదలుపెట్టాను. యాదగిరి నా కాలు తొక్కాడు.

సేటు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"పిలగాడు అబద్ధమాడలె. వారం ఇస్త. గని ఒక్క షరతు. ట్యాంకు నిలవడేదాక గీ సారును సూర్యాపేటల ఉంచొద్దు. దూరంగ హాలియాల మీకు సుట్టాలున్నరా?"

ఉన్నారు. వారం రోజులు వాళ్ళింట్లో కూర్చున్నాను. ఆ వారంలోనే కొత్త మూతలొచ్చాయి, ట్యాంకు నిలబడింది, ఆవిరి పట్టింది, పని వాడికే దక్కింది. నేను లేకుండా ఏదీ సాగదని అన్నేళ్ళు నమ్మినవాడికి అంతకంటే శిక్ష ఏముంటుంది?

కనుక పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మూకుడు, మూత, పళ్ళెం, జల్లెడ, గుండ్రంగా ఉండి అంచున్న దేనికీ ఈ జన్మలో కొలత చెప్పను. మొన్న మా ఆవిడ అన్నం గిన్నెకు మూత తెమ్మంది. వెడల్పెంతో అడగలేదు, కొలవలేదు. గిన్నెనే సంచిలో పెట్టుకుని బజారుకు నడిచాను. అన్నంతో సహా.