కారు కింద చప్పుడు, కనకవ్వ చెవి

కనకవ్వ పదహారేళ్ల వయసులో సిరిసిల్ల పక్క పల్లె నుంచి కొత్త పెళ్లికూతురిగా సూరత్ వచ్చింది. అక్కడి గోడాదరా పేటలో ఒక మరమగ్గాల కార్ఖానాలో దారం బాబిన్లు చుట్టే పనికి కుదిరింది. ఇరవై నాలుగు మగ్గాలు ఒక్కసారే మొత్తుకుంటుంటే కొత్తవాళ్లకు పక్క మనిషి మాట కూడా వినపడదు. కనకవ్వ మాత్రం తల తిప్పకుండానే, "మూడో వరుసల ఏదో బోల్టు వదులైంది" అనేది. మగ్గాలు బాగుచేసే మాస్టర్ నవ్వేవాడు. గంట తిరక్కుండా ఆ మగ్గం ఆగిపోయేది. అయినా ఆమెను పిలిచి అడిగినవాడు లేడు.

ఆమె భర్త దశరథం 1994లో మగ్గం పని మానేసి, పాత ఫియట్ కారు కొని కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. ఆరు నెలలకే కారు కింద చప్పుడు పట్టుకుంది. రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గలగలమనేది. సూరత్‌లోనే వరాఛా పేటలో ఎప్పుడూ ఇతన్నే పిలిచే వజ్రాల వ్యాపారి ఒకరోజు సగం దారిలో దిగిపోయి ఆటో ఎక్కాడు. గ్యారేజీ ఉస్తాద్ మూడుసార్లు కారు కిందికి దూరి కనిపించిన ప్రతి నట్టూ బిగించాడు. గ్యారేజీలో నిలబెట్టి ఇంజను నడిపితే చప్పుడుండదు. రోడ్డెక్కితే మళ్లీ మొదలు. దశరథానికి అన్నం సయించడం మానేసింది.

కరెంటు కోత వల్ల కార్ఖానాకు సెలవొచ్చిన రోజు కనకవ్వ వచ్చి కార్లో కూర్చుంది.

"నడుపు. నేను వింట."

"ఉస్తాద్‌కే దొరకలే. నువ్వేం వింటవే?"

"ఆయన కండ్లతోని ఎతికిండు. జర నన్ను విననియ్యి."

ముందు సీట్లో కూర్చుంది, వెనక్కి మారింది. చివరికి కింద కాళ్లు పెట్టుకునే చోట పడుకుని అడుగు రేకుకు చెవి ఆనించింది. దారిన పోయేవాళ్లు తొంగి చూస్తుంటే దశరథం సిగ్గుతో చచ్చిపోయాడు.

"పెద్ద గుంతలకు వస్తలేదు," అందామె లేచి. "సన్న కంకర మీదనే వస్తున్నది. బరువు సామాను కాదు. సన్నగ, పొడుగుగ ఏదో ఏలాడుతున్నది. గ్యారేజీకి పోనియ్యి."

గ్యారేజీలో చీర కుచ్చిళ్లు ఎగదోపి, గుడ్డ పేలికలు పట్టుకుని కారు కింది గుంతలోకి దిగింది. ఉస్తాద్ వద్దన్నా వినలేదు. ముందు పొగగొట్టానికి పేలిక చుట్టి కట్టింది. దశరథం కారు తిప్పుకొచ్చాడు. చప్పుడు పోలేదు. రెండోసారి బ్రేకు గొట్టం కట్టింది. పోలేదు. మూడోసారి హ్యాండుబ్రేకు తీగను పట్టి కట్టేసింది.

ఈసారి దశరథం చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. వచ్చి, ఇంజను ఆపి, కిందికి దిగాడు.

"ఏమైంది?"

"లేదే. కంకర మీద నాలుగుసార్లు తిప్పిన. సప్పుడు లేదు."

కనకవ్వకు అంతటితో తృప్తి కాలేదు. కట్టు విప్పి పంపింది. గలగలమంటూ వచ్చింది కారు. మళ్లీ కట్టింది. నిశ్శబ్దం.

ఉస్తాద్ గుంతలోకి దిగి చూశాడు. తీగను పట్టి ఉంచే క్లిప్పు ఎప్పుడో రాలిపోయింది. అది లేక, కారు కదిలినప్పుడల్లా తీగ అడుగు రేకును కొట్టుకుంటోంది. కొత్త క్లిప్పు వేసి, చేతులు తుడుచుకుని, "భాభీ, ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావు?" అని హిందీలో అడిగాడు.

"పన్నెండేండ్లు మగ్గాల నడుమ కూసున్న," అంది కనకవ్వ.

అతను తన కుర్చీ తుడిచి ఆమెకు వేశాడు, చాయ్ తెప్పించాడు. చెంప మీద గ్రీజు మరకతోనే కాలు మీద కాలేసుకుని, ఆమె ఆ చాయ్ తీరుబడిగా తాగింది.

ఆ వారంలోనే కార్ఖానా మాస్టర్ ఆమె దగ్గరికొచ్చి, "కనకవ్వా, తొమ్మిదో నంబరు మగ్గం జర వినిపో" అన్నాడు. బాబిన్లు పక్కన పెట్టి, కొంగు దోపుకుని, ఆమె ముందు నడిచింది. అతను వెనకాల నడిచాడు.